వేగం ఉంది... వరుసే కదలదు!

స్పీడ్ టెస్ట్ పెడితే ముల్లు వంద దాటుతుంది. బిల్లూ ఆ లెక్కనే వస్తుంది. కానీ డల్లాస్‌లో ఉన్న కూతురు వీడియో కాల్‌లో నోరు తెరిచింది తెరిచినట్టే బొమ్మైపోతుంది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి కూర్చున్న కుర్రాడి జవాబు అవతలివాళ్లకి ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. అదే సమయంలో పక్కగదిలో ఎవరిదో ఫోను, మొన్నటి పెళ్లి వీడియోల్ని గుట్టుచప్పుడు కాకుండా ఇంటర్నెట్‌లోకి ఎక్కించేస్తూ ఉంటుంది. ‘ప్లాన్ పెంచుకోండి సార్’ అంటారు కస్టమర్ కేర్‌లో. పెంచుకున్నా చాలాసార్లు తీరు మారదు. రోగం ఒకటి, మందు మరొకటి మరి! ఇక్కడ లోపం వేగంలో లేదు, వరుసలో ఉంది. ఆ వరుస ఎక్కడో సముద్రం అడుగున లేదు... హాల్లో టీవీ పక్కన మిణుకుమిణుకుమంటున్న చిన్న డబ్బాలోనే ఉంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను మాత్రం పట్టుకోవచ్చు. సరైన రౌటర్ ఎంచుకుంటే చాలు.

వేగం వేరు... ఆలస్యం వేరు

మన దేశంలో ఇంటర్నెట్‌ను మొదట్నుంచీ ఒకే కొలతతో అమ్ముతున్నారు. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం 256 కేబీపీఎస్ ఉంటే అది బ్రాడ్‌బ్యాండే. 2023కి వచ్చేసరికి ఆ కనీస హద్దు 2 ఎంబీపీఎస్ అయింది. 2017లో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు ఊరూవాడా చెప్పుకున్నది కూడా ‘149 రూపాయలకే 15 ఎంబీపీఎస్’ గురించే. అన్నీ వేగం లెక్కలే. ఆలస్యం లెక్క ఏ ప్రకటనలోనూ పెద్ద అక్షరాల్లో కనిపించదు.

రెంటికీ తేడా ఏమిటి? వేగం అంటే రోడ్డు వెడల్పు. ఒకేసారి ఎన్ని లారీలు వెళ్లగలవన్న లెక్క. ఆలస్యం అంటే ఒక మనిషి వెళ్లి, జవాబు పట్టుకుని తిరిగి రావడానికి పట్టే సమయం. దీన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. సెకనులో వెయ్యో వంతు అన్నమాట. సినిమా డౌన్‌లోడ్ చేసుకోవడానికి వెడల్పు కావాలి. మాటకు మాట బదులివ్వాలంటే మాత్రం ఆలస్యం తక్కువుండాలి. వీడియో కాల్, ఆన్‌లైన్ పరీక్ష, డాక్టర్‌తో సంప్రదింపు, ఇంటి నుంచి చేసే ఆఫీసు పని... అన్నీ ఈ రెండో కోవలోవే.

ఫోన్ సంభాషణ సాఫీగా సాగాలంటే ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉండాలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఏనాడో చెప్పింది. 400 దాటితే పనికిరాదంది. ఫైబర్ తీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాద్ నుంచి డల్లాస్ 14 వేల కిలోమీటర్ల పైమాటే. అంటే మాట వెళ్లి జవాబు రావడానికి ఎంత తక్కువన్నా 140 మిల్లీసెకన్లు పడుతుంది. కేబుళ్లు తిన్నగా వెళ్లవు కాబట్టి నిజానికి అంతకంటే ఎక్కువే. భూగోళాన్ని కుదించడం ఏ రౌటర్‌ వల్లా కాదు. కానీ దానికి తోడు మన ఇంట్లోనే మరో అయిదు వందలో, వెయ్యో మిల్లీసెకన్లు కలుస్తుంటే? ఆ పాపం మాత్రం ముమ్మాటికీ రౌటర్‌దే.

కంపార్ట్‌మెంట్లు పెంచితే దర్శనం అవుతుందా?

తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్స్ తెలియనివారుండరు. భక్తుల్ని కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టి విడతలవారీగా వదులుతారు. కంపార్ట్‌మెంట్లు రెట్టింపు చేశారనుకోండి... ఎక్కువమంది లోపల కూర్చోగలరు. అంతేగానీ దర్శనం త్వరగా అవుతుందా? గర్భగుడి ముందు నుంచి గంటకు వెళ్లేవాళ్ల సంఖ్య మారనప్పుడు, కూర్చునే గంటలే పెరుగుతాయి. అదే టైమ్ స్లాట్ టోకెను ఇస్తే? వేళకొచ్చిన భక్తుడికి నిరీక్షణ తగ్గుతుంది. దర్శనం చేసుకునేవాళ్ల సంఖ్య మాత్రం తగ్గదు.

రౌటర్‌లోనూ ఇలాంటి కంపార్ట్‌మెంట్లున్నాయి. వాటి పేరు బఫర్. ఇంట్లోని ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పంపే సమాచారమంతా చిన్నచిన్న ప్యాకెట్లుగా వచ్చి అక్కడ వరుస కడుతుంది. బయటికెళ్లే దారి ఇరుకైనప్పుడు కాసేపు ఆగుతుంది. మెమరీ చిప్‌ల ధరలు పడిపోయేకొద్దీ తయారీదారులు ఈ బఫర్లను పెంచుకుంటూ పోయారు. ‘ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదు’ అన్నది వాళ్ల ఉద్దేశం. మంచి ఉద్దేశమే. ఫలితమే తిరగబడింది.

చిన్న లెక్క చూడండి. ఒక్కో ప్యాకెట్ 1500 బైట్లు. వరుసలో వెయ్యి ప్యాకెట్లున్నాయి. మొత్తం 15 లక్షల బైట్లు. అంటే కోటీ 20 లక్షల బిట్లు. అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ అయితే ఆ వరుస ఖాళీ కావడానికి 1.2 సెకన్లు పడుతుంది. పెళ్లి వీడియో తాలూకు వెయ్యి ప్యాకెట్ల వెనకాల ఇంటర్వ్యూలో కుర్రాడి గొంతు నిలబడిందంటే, ఆ గొంతు గడప దాటడానికే 1.2 సెకన్లు!

అప్‌లోడ్ వేగం వంద ఉంటే ఇదే వరుస 0.12 సెకన్లలో కరుగుతుంది కదా అనొచ్చు. నిజమే. కానీ చాలా కనెక్షన్లలో ప్లాన్ పెంచితే డౌన్‌లోడ్ పెరిగినంతగా అప్‌లోడ్ పెరగదు. పైగా పెద్ద వేగాల కోసం చేసిన డబ్బాలో బఫర్ కూడా పెద్దదే ఉండొచ్చు. ఎంత వెడల్పు దారి ఇచ్చినా నింపేసే బ్యాకప్‌లు, అప్‌డేట్లు ఎలాగూ ఉన్నాయి.

నాలుగు వందల గజాల దూరానికి...

ఈ కథకు పాత మూలం ఉంది. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణానికి మధ్య ఇంటర్నెట్ ఉన్నట్టుండి కుప్పకూలింది. రెంటికీ మధ్య దూరం 400 గజాలే. వేగం 32 కేబీపీఎస్ నుంచి సెకనుకు 40 బిట్లకు పడిపోయింది. కారణమేమిటో వెతికిన వాన్ జాకబ్సన్ 1988లో పరిష్కారం ప్రచురించారు. దాని సారాంశం ఇది... ప్యాకెట్లు పంపే కంప్యూటర్ మెల్లగా వేగం పెంచుకుంటూ పోవాలి. ఒక ప్యాకెట్ దారిలో పోయిందంటే రోడ్డు నిండిందని అర్థం. వెంటనే వేగం తగ్గించుకోవాలి. ఇంటర్నెట్ ఇవాళ్టికీ చాలావరకు ఈ మర్యాద మీదే నడుస్తోంది.

ఇప్పుడు పెద్ద బఫర్ చేసే చేటు తెలుస్తుంది. దారి నిండినా అది ప్యాకెట్‌ను పోనివ్వదు, దాచిపెడుతుంది. పంపే కంప్యూటర్‌కి కబురు అందదు. ‘రోడ్డు ఖాళీగానే ఉంది’ అనుకుని ఇంకా తోస్తుంది. వరుస చేంతాడంత అవుతుంది. సమయానికి ఒక్క ప్యాకెట్‌ను వదిలేసి ఉంటే అందరికీ మేలు జరిగేది. అతి జాగ్రత్తే ఇక్కడ అసలు దోషం!

2010లో బెల్ ల్యాబ్స్ పరిశోధకుడు జిమ్ గెటిస్ తన ఇంట్లో పెద్ద ఫైళ్లు పంపుతున్నప్పుడు నెట్ నత్తనడక నడవడం గమనించారు. కొలిచి చూస్తే ఆలస్యం సెకను దాటింది. తవ్వుకుంటూ వెళ్తే బఫర్ల బండారం బయటపడింది. దానికాయన ‘బఫర్‌బ్లోట్’ అని పేరుపెట్టారు. మన మాటల్లో బఫర్ ఉబ్బరం! మరుసటి ఏడాది డేవ్ టాట్ అనే ప్రోగ్రామర్ ఆయనతో కలిసి బఫర్‌బ్లోట్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. పదమూడేళ్లకు పైగా ఈ ఉబ్బరాన్ని తగ్గించే పనిలోనే గడిపి, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన బృందం రాసిన ప్రోగ్రాంలు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

పోస్టాఫీసులో ఒక్క కవరు

మందు ఎలా పనిచేస్తుంది? స్పీడ్ పోస్టు చేద్దామని ఒక్క కవరుతో పోస్టాఫీసుకు వెళ్లారు. మీ ముందున్న గుమాస్తా చేతిలో రెండొందల కవర్లున్నాయి. అవన్నీ అయ్యేదాకా మీరు నిలబడాల్సిందే. కౌంటర్లో ఉన్నాయన తెలివైనవాడైతే ఏం చేస్తాడు? గుమాస్తావి ఒకటి, మీది ఒకటి, వెనకాయనవి ఒకటి తీసుకుంటాడు. మీరు నిమిషంలో బయటపడతారు. గుమాస్తాకి జరిగే నష్టమూ పెద్దగా ఉండదు.

రౌటర్‌లో ఈ తెలివికి పేరు ‘ఎఫ్‌క్యూ-కోడెల్’. ఇందులో రెండు పనులున్నాయి. ఒకటి, ఎవరి వరుస వారికి వేరుచేసి వంతులవారీగా పంపడం. రెండోది, ప్యాకెట్లు వరుసలో ఎంతసేపు నిలబడుతున్నాయో గమనించడం. ఆ నిరీక్షణ 5 మిల్లీసెకన్లు దాటి అలాగే కొనసాగుతుంటే, ఒక ప్యాకెట్‌ను వదిలేసి ‘తగ్గు’ అని కబురంపడం. ఈ రెండో పనికి సూత్రం 2012లో క్యాథ్లీన్ నికోల్స్‌తో కలిసి కనిపెట్టింది ఎవరనుకున్నారు? 1986 నాటి చిక్కుముడి విప్పిన వాన్ జాకబ్సనే! అదే ఏడాది ఎఫ్‌క్యూ-కోడెల్ లినక్స్‌లో చేరింది. దానికి మెరుగులు దిద్దిన ‘కేక్’ 2018లో వచ్చింది. ఇంటి కనెక్షన్లకు పనికొచ్చేలా వీటిని ఒకచోట చేర్చిన ఏర్పాటునే ‘ఎస్‌క్యూఎమ్’ అంటారు. స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్ అని.

ఇలాంటి ఏర్పాటు ఫలితం ఎలా ఉంటుందో కరోనా కాలంలో తేలింది. అమెరికాలో కామ్‌కాస్ట్ సంస్థ ఇళ్లకిచ్చిన మోడెముల్లో ఒక రకంలో వరుసను అదుపుచేసే విధానం ఉంది, మరో రకంలో లేదు. 2021లో వెలువడిన అధ్యయనం ప్రకారం అప్‌లోడ్ జోరుగా సాగుతున్నప్పుడు లేనివాటిలో ఆలస్యం సుమారు 250 మిల్లీసెకన్లు. ఉన్నవాటిలో 15 నుంచి 30. కంపెనీ అదే. తేడా అంతా వరుసలోనే!

ముందు పరీక్ష... తర్వాతే కొనుగోలు

కొత్త డబ్బా కొనేముందు రోగం ఇదేనని తేల్చుకోవాలి. పైసా ఖర్చులేని పని.

ల్యాప్‌టాప్‌ను వైఫైతో కాకుండా ల్యాన్ వైరుతో రౌటర్‌కి కలపండి. వైఫై బలహీనత వల్ల వచ్చే తేడా ఇందులో కలవకూడదు. నెట్‌ఫ్లిక్స్ వారి ‘ఫాస్ట్ డాట్ కామ్’ తెరిచి, పరీక్ష అయ్యాక వివరాలు చూపించమని నొక్కండి. ఖాళీగా ఉన్నప్పుడు ఆలస్యమెంతో, జోరు మీదున్నప్పుడు ఎంతో రెండు అంకెలు కనిపిస్తాయి. ‘వేవ్‌ఫామ్’ బఫర్‌బ్లోట్ పరీక్ష అయితే డౌన్‌లోడ్, అప్‌లోడ్ ఆలస్యాలను విడివిడిగా చూపించి, బడి ప్రోగ్రెస్ కార్డులా గ్రేడు కూడా ఇస్తుంది.

రెండు అంకెల మధ్య తేడాయే కీలకం. 30 లోపుంటే మీ రౌటర్ బాగానే ఉంది, డబ్బు దండగ చేసుకోకండి. వంద దాటితే ఆలోచించాలి. రెండు, మూడు వందలు దాటితే కాల్స్ ఆగిపోవడానికి కారణం దొరికినట్టే. ఒకసారి పొద్దున, ఒకసారి రాత్రి 9 గంటలకు చూడండి. రాత్రి మాత్రం ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఆలస్యం ఎక్కువుంటే తప్పు ఇంట్లో కాదు, కంపెనీ లైనులో ఉండొచ్చు.

డబ్బా మీద ఏం చూడాలి?

దుకాణంలో కళ్లు చెదిరే అంకెలుంటాయి. ‘ఏఎక్స్ 3000’, ‘ఏఎక్స్ 5400’ లాంటివి వైఫై బ్యాండ్ల గరిష్ఠ వేగాలను కాగితం మీద కూడగా వచ్చినవి. వరుస సంగతి అవి చెప్పవు. సాలెపురుగు కాళ్లలా ఎనిమిది యాంటెన్నాలున్నా, రంగురంగుల లైట్లతో ‘గేమింగ్ రౌటర్’ అని రాసున్నా అంతే. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి.

* ఎస్‌క్యూఎమ్ ఉందా? ఆ పేరుతోగానీ ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్ పేర్లతోగానీ ఉండాలి. ఉత్త ‘క్యూఓఎస్’ అని ఉంటే సంబరపడొద్దు. చాలా రౌటర్లలో అది ‘ఈ ఫోనుకు ముందు, ఆ టీవీకి తర్వాత’ అని చెప్పే పాత పద్ధతి. పెద్దమనుషుల్ని ముందుకు పంపుతుందేగానీ వరుసను తగ్గించదు.

* ఎక్కడ దొరుకుతుంది? ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడిచే రౌటర్లన్నింటిలో ఈ సదుపాయం పెట్టుకోవచ్చు. జీఎల్-ఐనెట్ రౌటర్లు దాని ఆధారంగానే వస్తాయి. మైక్రోటిక్ వారి రౌటర్ ఓఎస్ ఏడో వెర్షన్‌లో ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్ రెండూ ఉన్నాయి. కానీ దాన్ని అమర్చడానికి కొంత పరిజ్ఞానం కావాలి. యుబిక్విటీలో ‘స్మార్ట్ క్యూస్’ పేరుతో ఉంటుంది. ఈరో రౌటర్లలో వీడియో కాల్స్, గేమ్స్ కోసమంటూ ఒక మీట ఉంటుంది.

* ప్రాసెసర్ చాలుతుందా? ఇది అందరూ మరిచిపోయే ప్రశ్న. ఎస్‌క్యూఎమ్ ఆన్ చేస్తే ప్రతి ప్యాకెట్‌నూ ప్రాసెసర్ స్వయంగా చూసి పంపాలి. మామూలుగా వాడే అడ్డదారులు పనిచేయవు. అందుకే గిగాబిట్ అని రాసున్న రౌటర్ కూడా ఎస్‌క్యూఎమ్‌తో అందులో చిన్న భాగమే ఇవ్వొచ్చు. పాత, చవక రౌటర్లు వంద, నూటయాభై దగ్గరే చేతులెత్తేస్తాయి. ‘ఎస్‌క్యూఎమ్ పెడితే ఎంత వేగం వరకు లాగుతుంది?’ అని అడిగి, మీ ప్లాన్ అంతకంటే తక్కువుంటేనే కొనండి.

* అప్‌డేట్లు వస్తాయా? రౌటర్ అయిదారేళ్లు వాడే వస్తువు. భద్రతా లోపాలు సరిచేసే కంపెనీదే తీసుకోవాలి.

అటక మీద పాత రౌటర్ ఉంటే పారేయకండి. దానికి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పనిచేస్తుందేమో ఆ సంస్థ జాబితాలో చూడండి. మోడల్ పేరొక్కటే సరిపోదు. డబ్బా అడుగున ఉండే హార్డ్‌వేర్ వెర్షన్ అంకె కూడా కలవాలి. ఒకే పేరుతో లోపల వేర్వేరు చిప్‌లు పెట్టి అమ్మడం మామూలే. వేరేదానిది ఎక్కిస్తే రౌటర్ కాస్తా ఇటుకరాయి అవుతుంది.

కొన్నాక అసలు పని

డబ్బా తెచ్చి తగిలించగానే అద్భుతం జరగదు. చిన్న కిటుకుంది. వరుస అనేది దారి ఎక్కడ ఇరుకైతే అక్కడ కడుతుంది. చాలా ఇళ్లలో అది కంపెనీవాళ్లిచ్చిన ఫైబర్ బాక్సులోనో, అవతల వాళ్ల పరికరంలోనో కడుతుంది. దాన్ని మన రౌటర్‌లోకి లాక్కోవాలి. అందుకు మన రౌటర్‌నే కాస్త ఇరుకు చేయాలి.

వైరు మీద కొలిస్తే 100 వస్తోందనుకోండి. ఎస్‌క్యూఎమ్‌లో 90 అని పెట్టండి. అప్‌లోడ్‌కూ అంతే. మళ్లీ ఆలస్యం కొలవండి. ఇంకా ఎక్కువుంటే 85కి దించండి. బాగుంటే 95కి పెంచి చూడండి. అయిదు నుంచి పదిహేను శాతం వేగం వదులుకోవాలన్నమాట. సినిమా డౌన్‌లోడ్ ఒక నిమిషం ఆలస్యమవుతుంది. మాట మాత్రం తెగదు.

ఇంకొక్క జాగ్రత్త. పాత బాక్సు వైఫై ఆపేయాలి. లేదంటే ఇంట్లో సగం ఫోన్లు దానికే అతుక్కుని, కొత్త రౌటర్‌ను తప్పించుకుపోతాయి. వీలైతే ఆ బాక్సును ‘బ్రిడ్జ్ మోడ్’లో పెట్టమని కనెక్షన్ ఇచ్చిన ఆపరేటర్‌ను అడగండి. లాగిన్ పేరు, పాస్‌వర్డ్ ముందే రాసిపెట్టుకోండి. ల్యాండ్‌లైన్ ఫోను, టీవీ సెట్‌టాప్ బాక్సు దాని మీదే నడుస్తుంటే అవి ఆగవని తెలుసుకున్నాకే మార్పించండి.

దీంతో తగ్గనివి...

ప్రతి తలనొప్పికీ ఇదే మాత్ర కాదు. రెండు గోడల అవతల వైఫై అందకపోతే రౌటర్ చోటు మార్చాలి, లేదా వైరు లాగాలి. సాయంత్రం కాలనీ అంతటికీ నెట్ మందగిస్తే అది కంపెనీ తీర్చాల్సిన సమస్య. డాబా మీద యాంటెన్నా పెట్టి గాలిలోంచి ఇచ్చే 5జీ కనెక్షన్లలో వేగం గంటకో రకంగా ఉంటుంది. అక్కడ ‘90’ అని స్థిరంగా పెట్టడం కుదరదు. పెడితే కనిష్ఠ వేగానికి దగ్గరగా పెట్టుకోవాలి, లేదా ఎప్పటికప్పుడు హద్దు మార్చే ప్రోగ్రాం వేసుకోవాలి. డబ్బే ఖర్చుపెట్టకుండా చేయగలిగిందీ ఒకటుంది. ఫోన్లలో ఫొటోల బ్యాకప్‌ను, కంప్యూటర్ అప్‌డేట్లను రాత్రి పన్నెండు తర్వాతకి నెట్టేయడం. అదే సగం జబ్బును నయం చేస్తుంది.

ఇంట్లో నలుగురూ నాలుగు తెరల ముందు కూర్చునే రోజులివి. ఒకరి సరదా డౌన్‌లోడ్, ఇంకొకరి ఉద్యోగానికి అడ్డం పడకూడదు. అందుకు దారి వెడల్పు చేయడమే మార్గం కాదు... వంతు పాటించే డబ్బా ఒకటి గుమ్మం దగ్గర ఉండాలి. ఈసారి కస్టమర్ కేర్ నుంచి ‘ప్లాన్ పెంచుకోండి’ అన్న సలహా వస్తే, ఊ కొట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి. ‘లైను జోరు మీదున్నప్పుడు ఆలస్యం ఎంత?’ అని. జవాబు వాళ్ల దగ్గర లేకపోయినా, ల్యాన్ వైరు, ల్యాప్‌టాప్, అయిదు నిమిషాల తీరిక ఉంటే మీ దగ్గరే ఉంటుంది.